వాదిన్‌లో స్క్రీన్ బిగుసుకుపోవడం, ఒకరి డేటా ఇంకొకరికి కనబడటం, మెమరీ భయం: ఇందులోనే సాగాలా, రియాక్ట్‌కి వెళ్ళాలా?

మీరు అడిగినది నాకు అర్థమైనంతలో ఇదీ. పాత స్వింగ్ (జావా డెస్క్‌టాప్ స్క్రీన్ల) అప్లికేషన్‌ని వెబ్‌లోకి మార్చాలి. గోడౌన్ స్టాకు, ఇండెంట్లు, బిల్లులు దాని పని. ఏపీ, తెలంగాణ బ్రాంచీలన్నీ కలిపి 200 మంది వాడతారు. టీమ్‌లో అందరికీ జావా, స్ప్రింగ్ బూట్ వచ్చు, జావాస్క్రిప్ట్ పెద్దగా ఎవరికీ రాదు. వెబ్ స్క్రీన్లను జావాలోనే రాయనిచ్చే ఫ్రేమ్‌వర్క్ వాదిన్ 24తో ఒక నమూనా చేశారు, మూడు చోట్ల ఇరుక్కున్నారు. నెలవారీ రిపోర్టు బటన్ నొక్కితే స్క్రీన్ మొత్తం బిగుసుకుపోతోంది, ప్రోగ్రెస్ బార్ పెట్టినా కనబడట్లేదు. ఒకరు ఎంచుకున్న గోడౌన్ ఇంకొకరి స్క్రీన్‌లో ప్రత్యక్షమవుతోంది. 200 మంది ఒకేసారి లాగిన్ అయితే సర్వర్ మెమరీ చాలుతుందా అన్నది మూడోది. వీటి వల్ల వాదిన్ మానేసి, బ్రౌజర్‌లో నడిచే జావాస్క్రిప్ట్ లైబ్రరీ రియాక్ట్ నేర్చుకుందామా అని టీమ్‌లో మాట వచ్చింది.

నా సమాధానం: ఆఫీసులో కూర్చుని వాడేవాళ్ళ వరకు వాదిన్‌తోనే సాగండి. గోడౌన్ లోపల చేతిలో పట్టుకుని తిరిగే స్కానర్లకు మాత్రం వద్దు, దాని సంగతి చివర్లో చెప్తాను. మీ మూడు సమస్యలకీ మూలం ఒక్కటే. ఈ తరహా ఫ్రేమ్‌వర్కుల్లో స్క్రీన్ సర్వర్ మెమరీలో బతుకుతుంది, బ్రౌజర్‌లో కనబడేది దాని ప్రతి మాత్రమే. స్వింగ్ నుంచి వచ్చినవాళ్ళకు కోడ్ అచ్చం స్వింగ్‌లాగే కనబడుతుంది కాబట్టి ఈ విషయం త్వరగా పట్టుబడదు. స్వింగ్‌లో ఒక మెషీన్, ఒక మనిషి. ఇక్కడ ఒకే జేవీఎంలో, అంటే సర్వర్‌లో నడిచే ఒకే జావా ప్రాసెస్‌లో, 200 మంది స్క్రీన్లు పక్కపక్కనే ఉంటాయి.

ఒక క్లిక్ పడ్డప్పుడు ఏం జరుగుతుందో నెమ్మదిగా చూద్దాం. యూజర్ కాంబోబాక్స్‌లో గోడౌన్ మార్చి ‘చూపించు’ నొక్కాడు. బ్రౌజర్‌లో ఉన్న వాదిన్ క్లయింట్ ఒక చిన్న జేసన్ (డేటాని టెక్స్ట్‌గా రాసే పద్ధతి) సందేశం పంపుతుంది. ఫలానా నంబరు నోడ్‌లో విలువ మారింది, ఫలానా నోడ్ మీద క్లిక్ పడింది, అందులో ఉండేది అంతే. సర్వర్ కుకీని బట్టి సెషన్ (ఆ యూజర్ కోసం సర్వర్ దాచుకున్న సమాచారం) వెతుకుతుంది, ఆ సెషన్ లాక్ (ఒకసారికి ఒక్క పనినే లోపలికి రానిచ్చే తాళం) తీసుకుంటుంది, ఆ ట్యాబ్‌కి చెందిన యూఐ ఆబ్జెక్ట్‌లో కాంబోబాక్స్ విలువ మార్చి, మీ క్లిక్ లిజనర్‌ని, అంటే క్లిక్ పడ్డప్పుడు నడవాలని మీరు రాసిన కోడ్‌ని, నడుపుతుంది. లిజనర్ అయిపోయాక కాంపొనెంట్ల చెట్టులో ఏమేం మారాయో చూసి, ఆ తేడాలను మాత్రం జేసన్‌గా వెనక్కి పంపి, లాక్ వదిలేస్తుంది. బ్రౌజర్ ఆ తేడాల ప్రకారం పేజీని దిద్దుకుంటుంది.

ఇప్పుడు మీ రిపోర్టు లిజనర్‌ని దీని పక్కన పెట్టండి. మొదటి లైన్‌లో ప్రోగ్రెస్ బార్‌ని కనబడేలా చేశారు. రెండో లైన్‌లో 40 సెకన్లు పట్టే క్వెరీ. మూడో లైన్‌లో ప్రోగ్రెస్ బార్‌ని దాచేశారు. సర్వర్ జవాబు పంపేది ఈ మూడూ అయ్యాకే. అప్పటికి బార్ మొదట ఎలా ఉందో మళ్ళీ అలాగే ఉంది, అంటే పంపడానికి తేడా అంటూ ఏమీ లేదు. అందుకే అది ఒక్క క్షణం కూడా కనబడదు. ఆ 40 సెకన్లూ సెషన్ లాక్ ఆ లిజనర్‌ని నడుపుతున్న థ్రెడ్ (సర్వర్‌లో ఒక పనిని వరసగా నడిపే దారం) చేతిలోనే ఉంటుంది కాబట్టి, అదే యూజర్ ఇంకో ట్యాబ్ తెరిచినా అదీ ఆగిపోతుంది. మిగతా యూజర్ల సెషన్లు వేరు కాబట్టి ఈ లాక్ వాళ్ళ జోలికి రాదు. జావా 21 వర్చువల్ థ్రెడ్లు పెడితే పోతుందేమో అని మీలో ఎవరో రాశారు. పోదు. థ్రెడ్ చవకైనంత మాత్రాన లాక్ వదలదు.

మందు ఏమిటంటే, బరువైన పనిని లిజనర్ బయటికి పంపాలి. క్లిక్ లిజనర్‌లో ఉండగానే ప్రస్తుత యూఐని ఒక లోకల్ వేరియబుల్‌లో పెట్టుకోండి. ప్రోగ్రెస్ బార్ చూపించండి, బటన్‌కి (దాన్ని తయారుచేసేటప్పుడే) ‘సెట్ డిజేబుల్ ఆన్ క్లిక్’ పెట్టండి, పనిని ఒక ఎగ్జిక్యూటర్‌కి (పనులను వెనక థ్రెడ్లలో నడిపేది) అప్పగించి లిజనర్ ముగించండి. లాక్ వెంటనే వదిలేస్తుంది, బార్ కనబడుతుంది. వెనక థ్రెడ్‌లో రిపోర్టు తయారయ్యాక, దాచుకున్న ఆ యూఐ మీద ‘యాక్సెస్’ మెథడ్‌ని పిలిచి, దాని లోపల గ్రిడ్ నింపడం, బార్ దాచడం, బటన్ మళ్ళీ తెరవడం చేయండి. యాక్సెస్ అంటే మళ్ళీ ఆ సెషన్ లాక్ తీసుకోవడమే, కాబట్టి లోపల స్క్రీన్ మార్చే నాలుగు లైన్లే ఉండాలి. చాలామంది క్వెరీని కూడా ఆ లోపలే పెట్టేస్తారు. అలా చేస్తే థ్రెడ్ మారిందే తప్ప స్క్రీన్ బిగుసుకుపోవడం ఎక్కడికీ పోలేదు.

ఇక్కడ నాలుగు విషయాలు జాగ్రత్త. యూఐని వెనక థ్రెడ్‌లోకి వెళ్ళాక అడిగితే నల్ వస్తుంది, ఎందుకంటే ‘గెట్ కరెంట్’ పని చేసేది థ్రెడ్ లోకల్ మీద, అంటే ఒక్కో థ్రెడ్‌కి విడిగా ఉండే విలువ మీద. స్ప్రింగ్ సెక్యూరిటీలో లాగిన్ అయిన మనిషి వివరం కూడా అలాంటిదే. ‘డెలిగేటింగ్ సెక్యూరిటీ కాంటెక్స్ట్ ఎగ్జిక్యూటర్’తో చుట్టకపోతే వెనక థ్రెడ్‌కి యూజర్ ఎవరో తెలియదు, అనుమతుల తనిఖీ ఉన్న సర్వీస్ మెథడ్ అక్కడే ఆగిపోతుంది. రిపోర్టు నడుస్తుండగా యూజర్ ట్యాబ్ మూసేస్తే ‘యూఐ డిటాచ్డ్’ ఎక్సెప్షన్ రావచ్చు. దాన్ని పట్టుకుని లాగ్‌లో రాసి వదిలేయండి, అది తప్పేమీ కాదు. వెనక పనిలో ఎర్రర్ వచ్చినప్పుడు కూడా యాక్సెస్ ద్వారా యూజర్‌కి చెప్పి బటన్ తెరవాలి. లేకపోతే బార్ అలా తిరుగుతూనే ఉంటుంది, మనిషి ఫోన్ చేస్తాడు.

యాక్సెస్‌లో చేసిన మార్పు బ్రౌజర్‌కి తనంతట తాను చేరాలంటే పుష్ ఉండాలి. ‘యాప్ షెల్ కాన్ఫిగరేటర్’ ఇంప్లిమెంట్ చేసిన క్లాస్ మీద పుష్ యానొటేషన్ పెట్టండి. అది లేకపోతే మార్పు సర్వర్‌లోనే ఉండిపోయి, యూజర్ ఇంకేదో నొక్కినప్పుడు వస్తుంది. డిఫాల్ట్‌గా సర్వర్ నుంచి వచ్చేవి వెబ్‌సాకెట్ (తెరిచే ఉండే కనెక్షన్) మీద, బ్రౌజర్ నుంచి వెళ్ళేవి మామూలు హెచ్‌టీటీపీ మీద నడుస్తాయి. మధ్యలో ఎన్‌జిన్‌ఎక్స్ (బ్రౌజర్‌కీ మీ అప్లికేషన్‌కీ మధ్య నిలబడే ప్రాక్సీ) ఉంటే అప్‌గ్రేడ్, కనెక్షన్ హెడర్లు ముందుకు పంపాలి, ప్రాక్సీ హెచ్‌టీటీపీ వెర్షన్ 1.1 పెట్టాలి. దాని రీడ్ టైమవుట్ డిఫాల్ట్ 60 సెకన్లు, అది పెంచాలి. మీ మెషీన్‌లో బాగా నడిచి సర్వర్ మీద పుష్ రావట్లేదంటే నేను ముందు చూసేది ఈ ఎన్‌జిన్‌ఎక్స్ ఫైలే. అక్కడి మార్పులు మీ చేతిలో లేకపోతే, రిపోర్టు నడిచినంతసేపు సెకనుకోసారి పోల్ చేసేలా (బ్రౌజరే సర్వర్‌ని అడిగేలా) యూఐకి పోల్ ఇంటర్వల్ పెట్టి, అయ్యాక తీసేయండి. ఇంత చిన్న అవసరానికి అదీ చాలు.

ఎగ్జిక్యూటర్‌కి పరిమితి పెట్టడం మాత్రం మరిచిపోకండి. స్ప్రింగ్ బూట్‌తో వచ్చే హికారీ పూల్‌లో డిఫాల్ట్‌గా 10 డేటాబేస్ కనెక్షన్లే ఉంటాయి. నెలాఖరున పదిమంది ఒకేసారి రిపోర్టు నొక్కితే పదీ అక్కడే ఇరుక్కుంటాయి. బిల్లు వేస్తున్న మనిషి కనెక్షన్ కోసం 30 సెకన్లు ఎదురుచూసి ఎర్రర్ చూస్తాడు. సెషన్ లాక్ ఇతరుల జోలికి రాదన్నాను కదా, కనెక్షన్ పూల్ అలా కాదు, అది అందరిదీ. రిపోర్టులకు మూడు నాలుగు థ్రెడ్ల ఫిక్స్‌డ్ పూల్ పెట్టి మిగతావాటిని వరుసలో ఆపండి. ‘మీ రిపోర్టు వరుసలో ఉంది’ అని స్క్రీన్ మీద చూపిస్తే యూజర్లు ఓపిక పడతారు.

రెండో సమస్యకు వస్తాను. ఇది రిపోర్టు కన్నా ప్రమాదకరం, ఎందుకంటే హ్యాంగ్ అయితే కంటికి కనబడుతుంది, తప్పు గోడౌన్‌లో ఇండెంట్ పడితే స్టాకు లెక్కలు తేలేదాకా ఎవరికీ తెలియదు. మీరు ఎంచుకున్న గోడౌన్‌ని ఒక సర్వీస్ క్లాస్‌లో ఫీల్డ్‌గా పెట్టామని రాశారు. స్ప్రింగ్‌లో సర్వీస్ సింగిల్‌టన్, అంటే ఆ ఫీల్డ్ 200 మందికీ ఒక్కటే. ఎవరు చివరగా మారిస్తే వాళ్ళ గోడౌనే అందరికీ. దాన్ని సర్వీస్ నుంచి తీసి వేరే క్లాస్‌లో పెట్టి, దానికి వాదిన్ సెషన్ స్కోప్ గానీ యూఐ స్కోప్ గానీ ఇవ్వండి. తేడా ఏమిటంటే, సెషన్ స్కోప్‌లో ఒక యూజర్ ట్యాబ్‌లన్నిటికీ ఒకే ఆబ్జెక్ట్, యూఐ స్కోప్‌లో ట్యాబ్‌కొకటి. మీవాళ్ళు రెండు గోడౌన్లు పక్కపక్క ట్యాబ్‌ల్లో తెరిచి పోల్చుకుంటారు కాబట్టి మీకు కావలసింది యూఐ స్కోప్. ఒకటి గుర్తుంచుకోండి, ఎఫ్5 నొక్కితే మామూలుగా కొత్త యూఐ పుడుతుంది, అందులోది పోతుంది. నేనైతే గోడౌన్ కోడ్‌ని యూఆర్‌ఎల్‌లోనే రూట్ పారామీటర్‌గా పెడతాను. రీఫ్రెష్ చేసినా ఉంటుంది, లింక్ ఇంకొకరికి పంపినా అదే స్క్రీన్ తెరుచుకుంటుంది. లింక్ తెరిచిన మనిషికి ఆ గోడౌన్ చూసే హక్కు ఉందా అన్నది సర్వీస్ లేయర్‌లో తనిఖీ చేయాలి.

ఇదే జబ్బు కాంపొనెంట్లకు వస్తే ఎర్రర్ రూపంలో బయటపడుతుంది. మెనూ బార్‌నో డైలాగ్‌నో స్టాటిక్ ఫీల్డ్‌లో పెట్టినా, మామూలు స్ప్రింగ్ కాంపొనెంట్‌గా చేసినా, మొదటి యూజర్‌కి బాగానే నడుస్తుంది. రెండో యూజర్ రాగానే ఒక స్టేట్ ట్రీలోని నోడ్‌ని ఇంకో స్టేట్ ట్రీకి జరపలేం అని ఇల్లీగల్ స్టేట్ ఎక్సెప్షన్ వస్తుంది. ఆ మెసేజ్ కనబడితే ఇంకేం వెతకక్కర్లేదు, ఒక కాంపొనెంట్‌ని ఇద్దరు పంచుకుంటున్నారన్నమాట. అందుకే టెస్టింగ్ ఎప్పుడూ రెండు బ్రౌజర్లు, రెండు లాగిన్లతో చేయండి.

మెమరీ. మీరు కాంపొనెంట్ల గురించి భయపడుతున్నారు గానీ, మామూలుగా తినేసేది గ్రిడ్ వెనక ఉన్న డేటా. మీ నమూనాలో ‘ఫైండ్ ఆల్’ తెచ్చిన లిస్ట్‌ని నేరుగా గ్రిడ్‌కి ఇచ్చారు. వరుసకి అర కిలోబైట్ అనుకుంటే 60,000 ఐటమ్‌లకు 30 ఎంబీ. అదే స్క్రీన్ 200 మంది తెరిస్తే 6 జీబీ. గ్రిడ్‌కి లిస్ట్ బదులు క్వెరీ తీసుకునే లాంబ్డా (చిన్న ఫంక్షన్) ఇవ్వండి. అప్పుడు అది స్క్రోల్ చేసిన మేరకే ఆఫ్‌సెట్, లిమిట్ ఇచ్చి అడుగుతుంది, డిఫాల్ట్ పేజీ 50 వరుసలు. స్ప్రింగ్ డేటా వాడుతున్నారు కాబట్టి ఆ క్వెరీని పేజ్ రిక్వెస్ట్‌గా మార్చే హెల్పర్ వాదిన్‌లోనే ఉంది. ఇంకో చిన్న మెలిక కూడా చెప్పాలి. సార్టింగ్ కేవలం ఐటమ్ పేరు మీద పెడితే, ఒకే పేరున్న ఐటమ్‌లు పేజీ పేజీకి అటూ ఇటూ మారి, ఒకటి రెండుసార్లు కనబడి ఇంకొకటి అసలు కనబడకుండా పోవచ్చు. చివర ప్రైమరీ కీ కూడా సార్ట్‌లో చేర్చండి.

మెమరీ కారడానికి ఇంకో దారి లిజనర్లు. స్టాకు మారితే అందరి స్క్రీన్లకీ తెలియాలని ఒక సింగిల్‌టన్ బ్రాడ్‌కాస్టర్ పెట్టి, ప్రతి వ్యూ దానికి లిజనర్ కట్టుకుంటుంది. వ్యూ మూసినా బ్రాడ్‌కాస్టర్ దాన్ని పట్టుకునే ఉంటుంది, కాబట్టి ఆ స్క్రీన్ మొత్తం మెమరీలో మిగిలిపోతుంది. అటాచ్‌లో కట్టుకున్నప్పుడు వచ్చే రిజిస్ట్రేషన్‌ని దాచుకుని డిటాచ్‌లో తప్పకుండా తీసేయండి.

సెషన్లు ఎప్పుడు చస్తాయన్నది కూడా తెలిసుండాలి. తెరిచి ఉన్న ప్రతి ట్యాబ్ 300 సెకన్లకోసారి హార్ట్‌బీట్ (ఇంకా తెరిచే ఉన్నానన్న చిన్న సందేశం) పంపుతుంది. వరసగా మూడు రాకపోతే ఆ యూఐని సర్వర్ మూసేస్తుంది. కానీ హార్ట్‌బీట్ కూడా రిక్వెస్టే కాబట్టి, ట్యాబ్ తెరిచి కంప్యూటర్ ఆపకుండా ఇంటికి వెళ్ళిపోయిన మనిషి సెషన్ 30 నిమిషాల టైమవుట్ పెట్టినా చావదు, తెల్లారేదాకా ఉంటుంది. బిల్లింగ్ కౌంటర్ మీద అలా తెరిచి ఉండటం భద్రతకూ మంచిది కాదు. ‘క్లోజ్ ఐడిల్ సెషన్స్’ ఆన్ చేస్తే హార్ట్‌బీట్‌ని పక్కన పెట్టి నిజంగా ఎవరైనా వాడుతున్నారా అన్నదే చూస్తుంది. ఇవన్నీ సర్దాక అసలు సంఖ్య కోసం నాలాంటివాళ్ళ అంచనాలు నమ్మకండి. 20 మందితో వాడించి, హీప్ డంప్ (మెమరీలో ఏముందో చూపే ఫైలు) తీసి, సెషన్‌కి ఎంత పడుతోందో మీ కళ్ళతో చూసి దాన్ని 200కి పెంచుకోండి.

ఫారాల గురించి ఒక్క మాట. ఫారం గడులను ఆబ్జెక్ట్‌తో కలిపే బైండర్‌లో ‘సెట్ బీన్’ వాడితే యూజర్ టైప్ చేసిన సరైన విలువ అప్పటికప్పుడే ఆబ్జెక్ట్‌లోకి వెళ్ళిపోతుంది, రద్దు చేయి నొక్కినా వెనక్కి రాదు. సేవ్, రద్దు రెండూ ఉన్న ఫారంలో ‘రీడ్ బీన్’తో నింపి, సేవ్ దగ్గర ‘రైట్ బీన్ ఇఫ్ వాలిడ్’తో రాయండి. ఆ ఆబ్జెక్ట్ సర్వర్ మెమరీలో పావుగంట కూర్చోవచ్చు, ఈలోగా ఇంకొకరు అదే స్టాకు మార్చి ఉండొచ్చు. ఎంటిటీలో వెర్షన్ ఫీల్డ్ పెట్టి, ఆప్టిమిస్టిక్ లాక్ ఎర్రర్ వస్తే ‘ఈ రికార్డు మారింది, మళ్ళీ తెరవండి’ అని చెప్పండి. స్టాకు అప్లికేషన్‌లో ఇది లేకుండా ప్రొడక్షన్‌కి వెళ్ళొద్దు.

ప్రతి క్లిక్ సర్వర్ దాకా వెళ్ళి వస్తుందన్నాను, కాబట్టి సర్వర్ ఎక్కడ పెడుతున్నారన్నది ముఖ్యం. మీ కంపెనీ క్లౌడ్ అకౌంట్ అమెరికా రీజియన్‌లో ఉందని రాశారు. ఇక్కడి నుంచి అక్కడికి వెళ్ళి రావడానికి 200 మిల్లీసెకన్లు దాటడం మామూలే, డ్రాప్‌డౌన్ తెరిచినప్పుడల్లా అది చేతికి తగులుతుంది. ఏడబ్ల్యూఎస్‌కి ముంబైతో పాటు 2022 నుంచి హైదరాబాద్‌లో కూడా రీజియన్ ఉంది, వాడేవాళ్ళంతా ఇక్కడే కాబట్టి దేనికైనా మార్చుకోండి. వెతికే పెట్టెల్లో ప్రతి అక్షరానికీ రిక్వెస్ట్ వెళ్ళే ఈగర్ మోడ్ తీసి లేజీ పెట్టండి, టైపింగ్ ఆగాకే వెళ్తుంది.

రెండు సర్వర్లు పెడితే లోడ్ బ్యాలన్సర్‌లో స్టిక్కీ సెషన్ (ఒక యూజర్‌ని ఎప్పుడూ ఒకే సర్వర్‌కి పంపడం) తప్పనిసరి, స్క్రీన్ ఉన్నది ఒకదానిలోనే కదా. సర్వర్ రీస్టార్ట్ చేస్తే సగం నింపిన ఫారాలు పోతాయి. 200 మందికి ఒకే సర్వర్ పెట్టి, కొత్త వెర్షన్‌ని బ్రాంచీలు మూసిన తర్వాత ఎక్కించడం నా సలహా. పొడుగాటి ఇండెంట్ ఫారాలను మధ్యమధ్యలో డ్రాఫ్ట్‌గా డేటాబేస్‌లో దాచండి.

మిగతా ఫ్రేమ్‌వర్కుల గురించి కూడా అడిగారు. జేఎస్‌ఎఫ్ (జావాసర్వర్ ఫేసెస్) 2004లో వచ్చింది, ఇప్పుడు జకార్తా ఫేసెస్. ప్రైమ్‌ఫేసెస్ అనే కాంపొనెంట్ల లైబ్రరీతో కలిపి ఇప్పటికీ ఎన్నో ఆఫీసుల్లో నడుస్తోంది. ఉన్నదాన్ని చూసుకోవడానికి సరే గానీ, దాని లైఫ్ సైకిల్ దశలు నేర్చుకోవడం స్వింగ్ టీమ్‌కి వాదిన్ కన్నా కష్టం. వికెట్ నాకు ఇష్టమైనది. హెచ్‌టీఎంఎల్ ఫైలు, జావా క్లాస్ జంటగా ఉంటాయి, డిజైనర్ ఇచ్చిన పేజీలుంటే అది హాయి. మీకు డిజైనర్ లేడు. తైవాన్ నుంచి వచ్చిన జెడ్‌కే కూడా వాదిన్ దారిలోనిదే, స్క్రీన్లు ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో రాస్తారు. జీడబ్ల్యూటీ ఈ కోవ కాదు, అది జావాని జావాస్క్రిప్ట్‌గా మార్చి బ్రౌజర్‌లో నడుపుతుంది. ఫిన్లాండ్‌లోని తుర్కులో పుట్టిన వాదిన్ కూడా ఒకప్పుడు తన విడ్జెట్లకు దాన్నే వాడి, 2018లో వచ్చిన వెర్షన్ 10తో వెబ్ కాంపొనెంట్లకు మారింది. నెట్‌లో దొరికే 7, 8 వెర్షన్ల ఉదాహరణలు మీ 24లో పనిచేయకపోవడానికి కారణం అదే. ఏదైనా చదివేముందు అది ఏ వెర్షన్‌దో చూసుకోండి. వాదిన్ ముఖ్య భాగం అపాచీ లైసెన్స్‌లో ఉచితం, చార్టుల వంటి కొన్ని కాంపొనెంట్లకు డబ్బు కట్టాలి. నమూనాలో వాటిని వాడి ఉంటే ఇప్పుడే మేనేజర్‌కి చెప్పండి.

చివరగా స్కానర్లు. గోడౌన్ లోపల రేకుల షెడ్డు కింద వైఫై వస్తూ పోతూ ఉంటుంది. నెట్ లేకపోయినా బార్‌కోడ్ చదివి, దాచుకుని, తర్వాత పంపాలి. స్క్రీన్ సర్వర్‌లో ఉండే ఏ ఫ్రేమ్‌వర్కూ ఆ పని చేయలేదు. దానికి ఆండ్రాయిడ్ యాప్ గానీ ఆఫ్‌లైన్‌లో నడిచే చిన్న వెబ్ యాప్ గానీ విడిగా చేయండి, టీమ్‌లో ఒకరు నేర్చుకుంటే చాలు. అందుకే లెక్కలు, తనిఖీలు అన్నీ వాదిన్ వ్యూల్లో కాకుండా సర్వీస్ క్లాసుల్లో ఉండాలని ఇప్పటి నుంచే పట్టుబట్టండి. అదే సర్వీస్‌ని ఒక పక్క వాదిన్, ఇంకో పక్క రెస్ట్ (హెచ్‌టీటీపీ మీద డేటా ఇచ్చిపుచ్చుకునే పద్ధతి) ద్వారా స్కానర్ వాడుకుంటాయి.

ముందు ఆ సర్వీస్ ఫీల్డ్ తీసేయండి, తర్వాత రిపోర్టు, తర్వాత గ్రిడ్లు. రిపోర్టు క్వెరీ 40 సెకన్లు ఎందుకు పడుతోందో కూడా చూడాలి. ఏ డేటాబేస్ వాడుతున్నారో చెప్పి, ఎగ్జిక్యూషన్ ప్లాన్ ఇక్కడ పెట్టండి, చూస్తాను.